చిన్న ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలో డబ్బు పెట్టే ముందు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

"మాదాపూర్‌లో మా బావమరిది స్నేహితుడు ఇంటర్నెట్ టెలిఫోనీ కంపెనీ పెడుతున్నాడు. పది లక్షలకు రెండు శాతం వాటా ఇస్తానంటున్నాడు. పెట్టొచ్చా?" "ఓ చిన్న లిస్టెడ్ కంపెనీ వీఓఐపీలోకి, అంటే ఇంటర్నెట్ ఫోన్ వ్యాపారంలోకి, దిగుతున్నట్టు ప్రకటించింది, షేరు రోజూ పైకే పోతోంది. కొనొచ్చా?" కొంతకాలంగా నాకు ఈ రెండు ప్రశ్నలే అటూ ఇటూ మారి వస్తున్నాయి. పెట్టండి, మానండి అని ఒక్క మాటలో తేల్చడం సరికాదు. ఎలా పరీక్షించాలో మాత్రం వరుసగా చెప్పగలను.

ముందు ఒక విషయం. ఈ వ్యాపారంలో టెక్నాలజీ పెద్ద అడ్డంకి కాదు. ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అద్దె సర్వర్ మీద చిన్న ఫోన్ ఎక్స్ఛేంజీ నిలబెట్టడం తెలిసినవాళ్లకు పెద్ద పనేమీ కాదు. అందుకే ఆఫీసులో డెమో చూసి "బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అని చెక్కు రాసేవాళ్లను చూస్తే నాకు భయం. డబ్బు పోయేది డెమోలో కనబడని మూడు చోట్ల: లైసెన్సు, వసూళ్లు, ఏటా తగ్గే నిమిషం ధర. పరీక్ష కూడా వాటితోనే మొదలవ్వాలి.

1. ముందుగా తెప్పించుకోవాల్సిన కాగితాలు

మీటింగ్‌కి వెళ్లకముందే అడగండి. వారంలోగా ఇవ్వలేని కంపెనీతో రెండో మీటింగ్ అక్కర్లేదు.

☐ టెలికాం శాఖ ఇచ్చిన లైసెన్సు లేదా అనుమతి పత్రం, అన్ని పేజీలతో
☐ పై ఆపరేటర్‌తో, అంటే లైన్లు, నిమిషాలు ఇచ్చే పెద్ద టెలికాం కంపెనీతో, ఒప్పందం (ధరలు చెరిపి ఇచ్చినా పర్లేదు, గడువు, రద్దు షరతులు కనబడాలి)
☐ గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు
☐ నెలవారీగా నిమిషాలు, కస్టమర్ల సంఖ్య, బాకీల పట్టిక
☐ ఆడిట్ అయిన రెండేళ్ల లెక్కలు, నోట్స్‌తో సహా
☐ వాటాదారుల జాబితా, డైరెక్టర్లకున్న ఇతర కంపెనీల జాబితా

ప్రైవేటు కంపెనీ అయినా చాలా కాగితాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో దొరుకుతాయి. వంద రూపాయల ఫీజు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన వార్షిక లెక్కలు, తాకట్టు వివరాలు, వాటాల కేటాయింపు ఫారాలు తెరిచి చూడొచ్చు. హైదరాబాద్ కంపెనీ కదా అని బండ్లగూడలోని రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వెళ్లక్కర్లేదు, ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

2. కంపెనీ అసలు ఏం అమ్ముతోంది?

ఇంటర్నెట్ టెలిఫోనీ అనే బోర్డు కింద కనీసం నాలుగు వేర్వేరు వ్యాపారాలు నడుస్తాయి. ఒక్కోదానికి రిస్కు వేరు.

- ఆఫీసులకు క్లౌడ్ ఎక్స్ఛేంజీ (ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్ వ్యవస్థ), ఐవీఆర్ ('ఒకటి నొక్కండి' అని చెప్పే ఆటోమేటిక్ జవాబు), కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ నెలవారీ చందాకి అమ్మడం
- ఆపరేటర్ దగ్గర సిప్ ట్రంకులు (ఇంటర్నెట్ మీద వచ్చే ఫోన్ లైన్లు) తీసుకుని చిన్న కంపెనీలకు ఇవ్వడం
- హోల్‌సేల్: ఒక ఆపరేటర్ దగ్గర నిమిషాలు కొని ఇంకొకరికి అమ్మడం
- యాప్ ద్వారా విదేశాలకు చౌక కాల్స్

చివరిదాని గురించి పొడిగించను. వాట్సాప్‌లో కాల్ ఉచితమైనప్పుడు, డల్లాస్‌లో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి నిమిషానికి డబ్బు కట్టేదెవరు? స్కైప్ అంతటి పేరునే మైక్రోసాఫ్ట్ 2025 మే 5న మూసేసింది. కొత్త చిన్న కంపెనీ ప్లాన్‌లో ఆదాయమంతా ఇక్కడి నుంచే వస్తుందని ఉంటే మీ పరీక్ష ఇక్కడితో ముగించొచ్చు.

"అన్నీ చేస్తాం సార్" అంటే గత మూడు నెలల ఇన్‌వాయిస్‌లు అడగండి. డబ్బు దేనికి వస్తోందో అవే చెబుతాయి.

3. లైసెన్సు కాగితాన్ని వేలుపెట్టి చదవండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. లైసెన్సు తప్పయితే మిగతా లెక్కలన్నీ వృథా.

మన దేశంలో ఇంటర్నెట్ సర్వీస్ ప్రొవైడర్ (ఐఎస్‌పీ) లైసెన్సు ఉన్నంత మాత్రాన అన్ని రకాల కాల్స్ ఇవ్వడానికి కుదరదు. ఆ లైసెన్సుతో ఇంటర్నెట్ నుంచి ఇంటర్నెట్‌కి, ఇక్కడి కంప్యూటర్ నుంచి విదేశీ ఫోన్లకు కాల్స్ ఇవ్వొచ్చు. ఇంటర్నెట్ నుంచి దేశంలోని మొబైల్‌కో ల్యాండ్‌లైన్‌కో కాల్ కలపాలంటే మామూలు ఫోన్ కంపెనీలకుండే యాక్సెస్ సర్వీస్ అనుమతి ఉండాలి. లేదా అలాంటి ఆపరేటర్ కింద వర్చువల్ నెట్‌వర్క్ ఆపరేటర్‌గా, అంటే వీఎన్ఓగా, యాక్సెస్ అనుమతి తీసుకోవాలి. కూకట్‌పల్లిలో కూర్చుని యాప్‌లోంచి వరంగల్‌లోని మొబైల్‌కి డయల్ చేస్తే మోగుతోందంటే, ఆ కాల్ ఎవరి లైసెన్సు మీద వెళ్లిందో కంపెనీ చూపించగలగాలి.

సొంత లైసెన్సు లేకుండా సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్మే కంపెనీలు ఉన్నాయి. నంబర్లు, కాల్స్, బిల్లు అన్నీ లైసెన్సున్న ఆపరేటర్‌వే అయితే అందులో ఇబ్బంది ఉండకపోవచ్చు. అలాంటప్పుడు మీరు డబ్బు పెడుతున్నది సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఫోన్ కంపెనీలో కాదు. విలువ కూడా అలాగే కట్టండి.

చూడాల్సిన వరుస:

☐ లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? ఈ కంపెనీదా, డైరెక్టర్ గారి ఇంకో కంపెనీదా?
☐ ఏ సేవకు? ఐఎస్‌పీకా, యాక్సెస్‌కా, వీఎన్ఓకా?
☐ ఏ ప్రాంతానికి? ఐఎస్‌పీ లైసెన్సులో 'A' కేటగిరీ దేశమంతటికీ, 'B' కేటగిరీ ఒక సర్కిల్‌కి (టెలికాం శాఖ గీసిన, దాదాపు రాష్ట్రమంత ప్రాంతానికి), 'C' కేటగిరీ అంతకన్నా చిన్న ప్రాంతానికి. టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. కాగితం మీద ఆంధ్రప్రదేశ్ అని కనబడితే కంగారుపడకండి.
☐ గడువు ఎప్పటికి తీరుతుంది?
☐ టెలికాం శాఖ వెబ్‌సైట్‌లోని లైసెన్సుదారుల జాబితాలో ఈ పేరు ఉందా?
☐ వీఎన్ఓ అయితే, పై ఆపరేటర్ ఒప్పందం రద్దు చేసుకుంటే కస్టమర్ల నంబర్లు ఏమవుతాయి?

"లైసెన్సుకి అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్నమాటకు వాటా ఇవ్వొద్దు. 2023 టెలికాం చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం పాత లైసెన్సుల స్థానంలో ఆథరైజేషన్ పద్ధతిని తెస్తోంది. కాబట్టి పాత లైసెన్సున్న కంపెనీ కొత్త పద్ధతిలోకి ఎలా మారుతుందో కూడా అడగండి.

ఇక ఏజీఆర్, అంటే ఫీజు లెక్కకు తీసుకునే సవరించిన స్థూల ఆదాయం. యాక్సెస్ లైసెన్సున్న కంపెనీ ఏజీఆర్ మీద 8 శాతం లైసెన్సు ఫీజు కట్టాలి. ఏది ఆదాయం, ఏది కాదు అన్న తగాదా ఏళ్ల తరబడి సాగి, 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు టెలికాం శాఖ వాదన వైపు తీర్పునిచ్చింది. పాత ఏళ్లకు వడ్డీ, జరిమానాలతో కలిపి పెద్ద కంపెనీలే నిలబడలేని బకాయిలు మీద పడ్డాయి. 2021 సంస్కరణల్లో టెలికాం కాని ఆదాయాన్ని ఏజీఆర్‌లోంచి తీసేశారు గానీ, అది అప్పటినుంచి ముందుకే వర్తిస్తుంది. పాత లైసెన్సున్న కంపెనీని కొంటున్నా, అందులో వాటా తీసుకుంటున్నా ఆడిట్ నోట్స్‌లో 'కంటింజెంట్ లయబిలిటీస్' (ముందుముందు మీద పడగల బకాయిలు) పేజీ తప్పక చదవండి. వచ్చిన డిమాండ్ నోటీసులన్నీ అక్కడ ఉండాలి.

4. ఒక నిమిషం మీద, ఒక సీటు మీద ఎంత మిగులుతుంది?

కోట్లలో చెప్పే ప్లాన్‌ని పక్కనపెట్టి పైసల్లో అడగండి. కింది అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి. మీ కంపెనీ అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి.

హోల్‌సేల్ వ్యాపారం బేగంబజార్ టోకు దుకాణం లాంటిది. సరుకు బాగా తిరుగుతుంది, లాభం మాత్రం పైసల్లో. నిమిషం 58 పైసలకు కొని 60 పైసలకు అమ్ముతున్నారనుకుందాం. నెలకు 50 లక్షల నిమిషాలు. అమ్మకం 30 లక్షలు, కొనుగోలు 29 లక్షలు, మిగిలింది లక్ష. ఇప్పుడు ఒక్క నెల బిల్లు కస్టమర్ ఎగ్గొట్టాడు. పై ఆపరేటర్‌కి 29 లక్షలు కట్టాల్సిందే. అంటే 29 నెలల లాభం ఒక్క దెబ్బకు పోయింది. "నెలకు 30 లక్షల టర్నోవర్" అని మీకు చెప్పిన కంపెనీ ఇదే.

క్లౌడ్ ఎక్స్ఛేంజీ లెక్క వేరు. సీటుకు, అంటే ఒక ఉద్యోగి ఫోన్ లైనుకు, నెలకు 400 రూపాయలు వస్తే, ఆపరేటర్ చార్జీలు, సర్వర్లు పోను 150 మిగులుతుందనుకోండి. ఒక సీటు సంపాదించడానికి సేల్స్‌వాళ్ల జీతం, కమిషన్, ఫోన్ సెట్టు కలిపి 3,000 ఖర్చయింది. అది తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. నెలకు 4 శాతం సీట్లు వెళ్లిపోతుంటే ఒక సీటు సగటున 25 నెలలు ఉంటుంది, అంటే మొత్తం మీద మిగిలేది 750. అదే 5 శాతం అయితే సగటు 20 నెలలే, మిగిలేది సున్నా. ఆఫీసు అద్దె ఇంకా లెక్కలోకే రాలేదు. ఆ ఒక్క శాతం తేడా మీదే కంపెనీ బతుకుతుంది. కాబట్టి "నెలకు ఎంతమంది మానేస్తున్నారు?" అన్న ప్రశ్నకు నెలవారీ పట్టిక చూపించాలి. "ఎవరూ మానరండీ" అనే జవాబు చెల్లదు.

తర్వాత, ధర తగ్గితే ఏమవుతుందో మీరే వేసి చూడండి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక దేశంలో మామూలు కాల్‌కి విడిగా డబ్బు కట్టే అలవాటే పోయింది. ఆపరేటర్లు ఒకరికొకరు కట్టుకునే చార్జీ నిమిషానికి 14 పైసల నుంచి 2017 అక్టోబర్‌లో 6 పైసలకు దిగి, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. విదేశాల నుంచి వచ్చే కాల్స్ మీద చార్జీని 2020లో 35 నుంచి 65 పైసల మధ్య ఉండేలా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మార్చింది. ఇలాంటి ఒక్క ఉత్తర్వుతో ఒక వ్యాపారం మొదలవుతుంది, ఇంకోటి ముగుస్తుంది. ప్లాన్‌లోని అమ్మకం ధరను 20 శాతం తగ్గించి మళ్లీ లెక్క వేయమనండి. అప్పటికీ జీతాలు వెళ్తున్నాయా?

ముందుగా వసూలు చేసిన వార్షిక చందాల మీద కూడా కన్నేయండి. అమెరికాలో సన్‌రాకెట్ అనే కంపెనీ ఏడాదికి 199 డాలర్లు ముందే కట్టించుకుని ఇంటర్నెట్ ఫోన్ ఇచ్చేది. 2007 జూలైలో మూతపడినప్పుడు రెండు లక్షల మందికి పైగా కస్టమర్లు నడిమధ్యలో నిలబడిపోయారు. ముందు వచ్చిన చందా చేతిలో ఉన్న లాభం కాదు, ఇవ్వాల్సిన సేవ. బ్యాలెన్స్ షీట్‌లో అది అప్పుల వైపు కనబడాలి.

5. పుస్తకాల్లోని డబ్బు బ్యాంకులో ఉందా?

2009 జనవరిలో సత్యం వ్యవహారం చూసిన ఊరు మనది. లెక్కల్లో ఉన్న నగదు బ్యాంకులో ఉందో లేదో చూడడం ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు.

☐ అమ్మకాల అంకె జీఎస్టీ రిటర్నుతో సరిపోతోందా? టెలికాం సేవల మీద 18 శాతం పన్ను ఉంటుంది, పెద్ద తేడా దాగదు.
☐ మొదటి ముగ్గురు కస్టమర్ల వాటా ఎంత? సగం దాటితే జాగ్రత్త.
☐ కస్టమర్ల జాబితా, సరఫరాదారుల జాబితా పక్కపక్కన పెట్టండి. ఒకే పేరు రెండింటిలో ఉంటే నిమిషాలు గుండ్రంగా తిరుగుతున్నాయేమో, టర్నోవర్ కోసమే తిప్పుతున్నారేమో అడగండి.
☐ 90 రోజులు దాటిన బాకీలు ఎన్ని?
☐ పై ఆపరేటర్‌కి ప్రీపెయిడ్, కింది కస్టమర్‌కి పోస్ట్‌పెయిడ్ అయితే మధ్యలో తిరిగే డబ్బు ఎవరిది? చాలాసార్లు అది మీదే అవుతుంది.

6. మీరే కాల్ చేసి చూడండి

కంపెనీ ఇచ్చే డెమో ఫోన్‌తో కాదు. వారం రోజుల ట్రయల్ ఖాతా తీసుకుని మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద, మీ మొబైల్ డేటా మీద వాడండి. ఉదయం 11 గంటల వేళ, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ చేయండి. జియోకి, ఎయిర్‌టెల్‌కి, ఎవరింట్లోనైనా బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ ఉంటే దానికి చేయండి. ఒక్కో కాల్ పది నిమిషాలు నడవనివ్వండి.

గమనించాల్సినవి:

- మాట ఆలస్యం. ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ హాయిగా సాగుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఆగిపోతుంటే ఆలస్యం ఎక్కువుందని అర్థం.
- సరిగ్గా 32వ సెకను దగ్గర కాల్ తెగడం. సిప్ కాల్స్‌లో ఇది పేరున్న జబ్బు. అవతలివాళ్లు కాల్ ఎత్తినట్టు అందిన కబురుకు ఇటునుంచి తిరుగు కబురు చేరకపోతే టైమర్ అక్కడ కోసేస్తుంది. చాలాసార్లు ఫైర్‌వాల్ సెట్టింగే కారణం, తెలిసినవాళ్లు గంటల్లో సరిచేస్తారు. రెండు రోజులైనా "మీ నెట్ స్లో సార్" అంటున్నారంటే ఆ టీమ్‌కి పని రాదు.
- ఒకరి మాట మాత్రమే వినబడడం. ఇదీ అలాంటిదే.
- తెర మీద కనబడే నంబర్. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

విదేశాల్లో ఉన్న బంధువు చేత ఆ కంపెనీ సర్వీస్ ద్వారా మీకు కాల్ చేయించండి. మీ ఫోన్ మీద విదేశీ నంబర్ రావాలి. దానికి బదులు ముక్కూ మొహం తెలియని పదంకెల లోకల్ మొబైల్ నంబర్ వచ్చి, మరుసటి కాల్‌కి ఇంకో నంబర్ వస్తే, మధ్యలో ఎక్కడో సిమ్ బాక్సు ఉందని అనుమానించాలి. అంటే విదేశీ కాల్‌ని ఇంటర్నెట్ మీద తెచ్చి, వందలాది సిమ్‌లున్న పెట్టెలోంచి లోకల్ కాల్‌గా మార్చి పంపడం. ఇది అక్రమ ఎక్స్ఛేంజీ, పోలీసు కేసు. మీ బంధువు తన ఇండియా సిమ్‌నే రోమింగ్‌లో వాడితే లోకల్ నంబర్ రావడం మామూలే, ఆ తేడా ముందే చూసుకోండి. ఇలా లోకల్ నంబర్‌తో వచ్చే విదేశీ కాల్స్ గురించి టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇక్కడ గట్టి అనుమానం వస్తే లాభాల లెక్క ఎంత బావున్నా బయటికొచ్చేయండి.

7. స్పామ్, హ్యాకింగ్ మీద సూటి ప్రశ్నలు

డాష్‌బోర్డ్‌లో రెండు అంకెలు అడగండి. ఏఎస్ఆర్ అంటే వంద ప్రయత్నాల్లో ఎన్ని కాల్స్ ఎత్తారన్నది, ఏసీడీ అంటే సగటు కాల్ నిడివి. రోజుకు లక్షల కాల్స్, సగటున పది పన్నెండు సెకన్లే ఉంటే ఆ ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం మార్కెటింగ్ కాల్స్ అనుకోండి. అనుమతి లేని టెలిమార్కెటర్లు సిప్, పీఆర్ఐ లైన్ల (ఒకేసారి చాలా కాల్స్ నడిచే ఆఫీసు లైన్ల) మీద చేసే ప్రమోషన్ కాల్స్ ఆపాలని 2024 ఆగస్టులో ట్రాయ్ ఆపరేటర్లను ఆదేశించింది. దొరికితే లైన్లన్నీ కట్ చేసి, రెండేళ్ల వరకు బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. ఒక్క కస్టమర్ ఆశతో పెట్టుకున్న వ్యాపారం అక్కడితో ఆగిపోతుంది.

అమెరికాకి అక్కడి నంబర్లతో కాల్స్ పంపే కంపెనీ అయితే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన రోబోకాల్ (యంత్రాలు చేసే కాల్స్) డేటాబేస్‌లో దాని పేరు వెతకండి. ఎవరైనా చూడొచ్చు. అందులో లేని విదేశీ కంపెనీ నుంచి అక్కడి ఆపరేటర్లు నేరుగా ఆ కాల్స్ తీసుకోకూడదు.

హ్యాకింగ్ చాలాసార్లు వారాంతంలో, రాత్రివేళ జరుగుతుంది, ఆఫీసులో ఎవరూ ఉండరు కాబట్టి. 1001 ఎక్స్‌టెన్షన్‌కి 1001 పాస్‌వర్డ్ పెట్టినచోట దూరి, ఖరీదైన విదేశీ నంబర్లకు వేల నిమిషాలు తిప్పేస్తారు. సోమవారానికి బిల్లు కంపెనీ మీద ఉంటుంది. ఐఎస్‌డీ మామూలుగా మూసి ఉంటుందా, కస్టమర్‌కి రోజువారీ పరిమితి ఉందా, అది దాటితే తనంతట తాను ఆగుతుందా అని అడగండి. మీ ట్రయల్ ఖాతాలో చేసి చూడండి కూడా.

కాల్ రికార్డులు, అంటే ఎవరు ఎవరికి ఎప్పుడు చేశారన్న వివరాలు, రెండేళ్లు దాచాలన్న షరతు లైసెన్సుల్లో ఉంది. దాని ఖర్చు ప్లాన్‌లో రాశారో లేదో చూడండి.

8. వాటా ఎలా ఇస్తున్నారు?

లిస్టెడ్ కంపెనీ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చిన ప్రకటన చదవండి, టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన సారాంశం కాదు. అవగాహన ఒప్పందం, దరఖాస్తు, లైసెన్సు, మొదటి బిల్లు: కంపెనీ ఏ మెట్టు మీద ఉంది? కొత్త వ్యాపారం కంపెనీ ఆశయాల పత్రంలో లేకపోతే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, అది జరిగిందా? ప్రకటనకు ముందూ వెనకా ఎంచుకున్న కొందరికి మాత్రమే ప్రిఫరెన్షియల్ వాటాలో, తర్వాత వాటాలుగా మార్చుకునే వారంట్లో ఇచ్చారా? ప్రమోటర్లు కానివాళ్లకు ఇచ్చిన అలాంటి వాటాల మీద లాక్-ఇన్ (అమ్మకూడని గడువు) ఆరు నెలలే. అది తీరే తేదీ రాసిపెట్టుకోండి. చిన్న షేర్లలో లోయర్ సర్క్యూట్ (ఒక్కరోజులో ధర పడగల చివరి హద్దు) పడితే అమ్ముదామన్నా కొనేవాడు దొరకడు.

ప్రైవేటు కంపెనీ అయితే డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచి, వాటాల కోసం తెరిచిన విడి ఖాతాలోకే వెళ్లాలి. నగదు వద్దు. 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి, లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ. కేటాయించాక పాస్-3 ఫారం దాఖలు చేసేదాకా కంపెనీ ఆ డబ్బు వాడకూడదు. ఆ ఫారం ఎంసీఏలో కనబడాలి.

"వాటా ఎందుకండీ, నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తాం, నెలనెలా పడుతుంది" అంటే ఆగండి. ప్రైవేటు కంపెనీ జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నెలకు రెండు రూపాయల వడ్డీ, నిమిషానికి రెండు పైసల లాభం ఒకేచోట బతకవు.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

*తెలిసినవాడని కాగితం అడగకపోవడం.* మొహమాటంగా ఉంటే "మా సీఏ గారు అడిగారు" అని అడిగించండి. నిజంగానే సీఏకి చూపించండి.

*రేపు పెద్ద కంపెనీ కొనేస్తుందన్న ఆశ.* టెలికాం పరికరాల కంపెనీ ఎరిక్సన్ 2022లో వోనేజ్ అనే ఇంటర్నెట్ ఫోన్ కంపెనీని 620 కోట్ల డాలర్లకు కొని, ఆ తర్వాత అందులో చాలా భాగాన్ని నష్టం కింద రాసేసుకుంది. ఆ అనుభవం చూసినవాళ్లు చిన్న కంపెనీకి పెద్ద ధర ఇచ్చే ముందు చాలా ఆలోచిస్తారు.

*ఉద్యోగ విరమణ డబ్బో ప్లాటు అమ్మిన డబ్బో మొత్తం ఒకేచోట పెట్టడం.* దీనికి తర్వాత దిద్దుబాటు లేదు. మొత్తం పోయినా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు ఆగనంత మొత్తమే పెట్టండి.

10. విడతలుగా ఇవ్వండి

ఒప్పుకున్న మొత్తంలో మూడోవంతు ముందు ఇవ్వండి. రెండో విడతకు రాతపూర్వకంగా మూడు షరతులు పెట్టండి: లైసెన్సు కంపెనీ పేరు మీద ఉండాలి, మొదటి ముగ్గురు కస్టమర్ల ఆదాయం సగానికి లోపు రావాలి, నెలకు మానేసేవాళ్ల శాతం ఒప్పుకున్న అంకె దాటకూడదు. మూడో విడత వరుసగా రెండు త్రైమాసికాలు నిర్వహణ నుంచి డబ్బు మిగిలితేనే.

ఒప్పందంలో నెలవారీ నిమిషాలు, బాకీలు, బ్యాంకు నిల్వ చూసే హక్కు, ప్రమోటర్ వాటా అమ్మితే అదే ధరకు మీరూ అమ్ముకునే హక్కు రాయించుకోండి. ప్రైవేటు కంపెనీ వాటాలు ఎవరికి పడితే వారికి అమ్ముకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, ఈ రెండో హక్కు లేకుండా సంతకం చేయొద్దు. నెలవారీ పట్టిక రెండు నెలలు వరుసగా రాకపోతే తర్వాతి విడత ఆగిపోతుందన్న వాక్యం కూడా అదే పేజీలో ఉండాలి.